ముప్పై తొమ్మిది గజాలు

హోలిస్ పెటిగ్రూ గీసిన నలభై గజాలను ముప్పై ఏళ్ళలో ఎవరూ తిరిగి కొలవలేదు. అతను నా భర్త. మిసిసిపీ డెల్టాలో మా ఊరి చిన్న కాలేజీకి అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్.

ప్రతి మార్చిలో ఒక రోజు పెద్ద జట్ల స్కౌట్లు మా మైదానానికి వస్తారు. ఏప్రిల్ చివర జరిగే డ్రాఫ్ట్‌లో జట్లు కొత్త ఆటగాళ్ళను ఒక్కొక్కరినీ పేరు చదివి ఎంచుకుంటాయి. ఎవరు పనికొస్తారో ముందే చూసి రాసిపెట్టడం స్కౌట్ల పని. పెద్ద కాలేజీల కుర్రాళ్ళను వాళ్ళు టీవీలోనే చూసేస్తారు. మావాళ్ళను చూడాలంటే పత్తి చేల మధ్య గంటన్నర కారు నడపాలి. వచ్చినవాళ్ళు ఎత్తు కొలుస్తారు, బరువు తూస్తారు, నలభై గజాలు పరిగెత్తిస్తారు. తక్కినవి ఎలా ఉన్నా, ఆ పరుగుకు పట్టిన సెకన్లు మాత్రం మనిషి పేరు పక్కన ఉండిపోతాయి.

చిన్న కాలేజీల్లో గీత ఒక అడుగు ఇవతలికి జరిగి ఉండడం, మైదానం పల్లానికి వాలి ఉండడం స్కౌట్లకు కొత్త కాదు. ఎక్కడికి వెళ్ళినా ముందు సంచిలోంచి టేపు తీస్తారు. మా దగ్గర తీసేవారు కాదు. "గీత పెటిగ్రూదేగా" అని కాఫీ కప్పులు పట్టుకుని గట్టు మీద కూర్చునేవారు.

నేను ఊరి బడిలో లెక్కలు చెబుతాను. ఇరవై తొమ్మిదేళ్ళు. స్కౌట్లు వచ్చే రోజున హోలిస్‌కు తిండి తీసుకెళ్ళి, కారులో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. ఎవరు ఎంతలో పరిగెత్తారో రాత్రి భోజనాల దగ్గర అతను చెబితే వినేదాన్ని. ఆ అంకెలన్నీ నాకు తెలుసు. వాటిని ఎలా పట్టుకుంటారో ఏనాడూ దగ్గరుండి చూడలేదు.

పోయినేడు జనవరి పదకొండున హోలిస్ చనిపోయాడు. ఉదయం బూట్లు తొడుక్కుంటున్నాడు. ఒకటి తొడుక్కున్నాడు. ఆరో రోజు నేను బడికి వెళ్ళాను.

ఫిబ్రవరి చివర్లో జవారిస్ స్పైట్స్ మా ఇంటి తలుపు తట్టాడు. హోలిస్ ఆఖరి జట్టులో కార్నర్‌బ్యాక్. అంటే, బంతి అందుకోబోయే ఎదుటివాడిని నీడలా వెంటాడి అడ్డుకునేవాడు. మనిషి పొట్టి. పెద్ద కాలేజీలేవీ పిలవలేదు. రెండేళ్ళుగా హోలిస్ అతని గురించి స్కౌట్లకు ఉత్తరాలు రాస్తూ వచ్చాడు. జవారిస్ తొమ్మిదో తరగతిలో నా దగ్గరే చదివాడు.

"మిస్ వర్లీన్, కోచ్ స్టాప్‌వాచ్ మీ దగ్గరుందా అండి?"

"ఉంది. ఎందుకు?"

"నా టైమ్ చూసేవాళ్ళు లేరండి. కోచ్ డ్యూక్స్‌కి పొద్దస్తమానం ఫోన్లే సరిపోతున్నాయి. ఇంక మూడు వారాలే ఉంది. ఆ రోజు కుదరకపోతే మా మామ చేపల ఫ్యాక్టరీలో పనికి మాట్లాడి ఉంచాడు."

"దశాంశాలు నీకు పడవు కదరా."

"ఇప్పుడు బతుకంతా దశాంశాల మీదే పడిందండి," అని నవ్వాడు.

హోలిస్ కోటు జేబులోంచి స్టాప్‌వాచ్ తీసుకుని మైదానానికి వెళ్ళాను. గీత చివర నిలబడి, చెయ్యి పైకెత్తి, "పో!" అని అరిచి నొక్కాను. మా బడి ఆటల పోటీల్లో అలాగే చేస్తాను. మూడుసార్లు పరిగెత్తాడు. నాలుగు పాయింట్ యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, మళ్ళీ యాభై ఎనిమిది.

"ఎంతండి?"

"బాగానే ఉంది," అన్నాను.

బాగా లేదు. అంత పొట్టి మనిషి, అంత చిన్న కాలేజీ నుంచి వచ్చి నాలుగున్నర సెకన్లు దాటితే స్కౌట్లు కాగితం రెండో పక్కకు తిప్పరని హోలిస్ ఎన్నోసార్లు చెప్పాడు. జవారిస్ అంతకంటే ముందుంటాడని కూడా చెప్పాడు. నవంబర్‌లో చీలమండ బెణికింది కదా అనుకున్నాను. కోచ్ పోయాక వీడి కాళ్ళు బరువెక్కాయి అనుకున్నాను. నావి బరువెక్కాయి కాబట్టి వాడివీ ఎక్కి ఉంటాయనుకున్నాను. ఆ మూడు అంకెలూ వాడికి చెప్పలేదు.

కొత్త కోచ్ ఇంకా రాలేదు. డ్యూక్స్ అని హోలిస్ సహాయకుడు పనులు చూస్తున్నాడు. స్కౌట్లు రావడానికి రెండు రోజుల ముందు నాకు ఫోన్ చేశాడు.

"గీత మీరే గీయాలి మిస్ వర్లీన్. నేను గీస్తే టేపులు తీస్తారు. మీరంటే ఇంకా పెటిగ్రూ గీతే."

ఆ గురువారం బడికి సెలవు పెట్టి, తెల్లవారగానే వెళ్ళాను. గడ్డి మీద మంచు ఇంకా ఉంది. హోలిస్ స్టీలు టేపు, రెండు మేకులు, తెల్ల రంగు డబ్బా. అతను ఎలా గీసేవాడో అలాగే మొదలుపెట్టాను. మోకాళ్ళ మీద కూర్చుని టేపు లాగి, నలభై దగ్గర చివరి గీత గీశాను. తిరిగి మొదటి గీత దగ్గరకు వచ్చాను.

పరుగు చివర్లో కుర్రాడు సెకనుకు పది గజాలు పోతాడు. ఒక గజం అంటే సెకనులో పదో వంతు. ఈ లెక్క వేయడానికి నాకు కాగితం అక్కర్లేదు.

స్కేలుతో గీత కొలిచేటప్పుడు ఆరో తరగతి పిల్లలు ఒక తప్పు చేస్తారు. సున్నా దగ్గర కాకుండా ఒకటి దగ్గర మొదలుపెడతారు. ఏటా నలుగురైదుగురు. వాళ్ళ వేలు పట్టుకుని సున్నా మీద పెట్టించేదాన్ని. ఆ ఉదయం నేను మేకును ఒకటి దగ్గర కొట్టాను. మొదటి గీత అక్కడ గీశాను. రంగు ఆరేదాకా అక్కడే కూర్చున్నాను.

పదింటికి ఆరుగురు స్కౌట్లు వచ్చారు. వాళ్ళలో పెద్దవాడు గస్ రెంబర్ట్. డెబ్బైకి దగ్గర పడ్డాడు. కాలేజీ రోజుల్లో హోలిస్‌తో కలిసి ఆడాడు. అంత్యక్రియల నాడు శవపేటిక మోసినవాళ్ళలో ఒకడు. నా దగ్గరకు వచ్చి టోపీ తీశాడు.

"వచ్చారా వర్లీన్. మీరు రారేమో అనుకున్నా."

"గీత గీయాలి కదా," అన్నాను.

నీలం టోపీ పెట్టుకున్న ఒక కుర్ర స్కౌట్ సంచిలోంచి టేపు తీయబోయాడు. గస్ అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇక్కడ అక్కర్లేదు నాయనా. వెళ్ళి కాఫీ తెచ్చుకో."

జవారిస్ వంతు వచ్చింది. వంగి, ఒక చెయ్యి గడ్డి మీద ఆనించాడు. ఎవరూ ఏమీ అనలేదు. తనంతట తనే లేచాడు. అతను చివరి గీత దాటగానే ఆరు స్టాప్‌వాచ్‌లూ ఒకదాని పక్కకు ఒకటి చేరాయి. నాలుగు ముప్పై ఆరు. రెండోసారి ముప్పై ఏడు. నీలం టోపీ కుర్రాడు ఈల వేశాడు. జవారిస్ అంత దూరం నుంచి నా వైపు చూసి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

తర్వాత ఓటిస్. మూడు వందల ఇరవై పౌండ్ల మనిషి. అందరికంటే ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్ళను తొయ్యడం అతని పని.

"ఒరేయ్ ఓటిస్, దార్లో పడుకోకు, వెనక మేమున్నాం!"

"నాకు కాదురా చెప్పేది, నేలకు చెప్పు తట్టుకోమని!"

అతను పరిగెత్తి వచ్చి గీత అవతల బోర్లా పడ్డాడు. అయిదు పాయింట్ ఇరవై.

"ఏరా, కుక్క తరిమిందా?"

"కాదురా, మా అత్త కేకు వాసనొచ్చింది!"

అందరూ నవ్వారు. గస్ నవ్వలేదు. తన స్టాప్‌వాచ్ చూసుకున్నాడు, ఓటిస్ కాళ్ళు చూశాడు, గీత చూశాడు. తర్వాత బంతి పట్టడం, పక్కలకు దూకడం, మలుపులు, ఇంకో గంటన్నర సాగాయి. ఆ గంటన్నరా గస్ కాగితం మీద ఏమీ రాయలేదు. అన్నీ అయ్యాక గీత దగ్గరకు నడిచాడు.

"ఈ ఓటిస్ అయిదు ఇరవై పరిగెడితే, రేపు నేను పెళ్ళికొడుకునవుతా," అన్నాడు ఎవరితోనూ కాకుండా. "టేపు ఇటివ్వు నాయనా."

నీలం టోపీ కుర్రాడి టేపుతో ఇద్దరూ కలిసి కొలిచారు. రెండోసారి కొలిచారు. తక్కిన నలుగురూ వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"ముప్పై తొమ్మిది," అన్నాడు గస్.

నా వైపు తిరిగాడు. "వర్లీన్, దీన్ని దేనితో కొలిచారు?"

"హోలిస్ టేపే అది," అన్నాను.

అబద్ధం కాదు. నా జీవితంలో అంత జాగ్రత్తగా ఏరుకున్న మాట ఇంకొకటి లేదు.

"మొదటి గజం తెగిపోయిన టేపులు నేను చూశాను," అన్నాడు నీలం టోపీ కుర్రాడు. "పెద్దాయన చూసుకుని ఉండడు. అయితే ఇన్నేళ్ళూ ఇక్కడివన్నీ ఇంతేనా? పోయినేడు ఇక్కణ్ణుంచి మావాళ్ళు తీసుకున్నవాడు కూడా?"

"పెటిగ్రూ గీత, పెటిగ్రూ గీత అని నెత్తిన మోశారు," అన్నాడు ఇంకొకాయన. మెల్లగానే అన్నాడు. నేను వితంతువునని అతనికి గుర్తుంది.

హోలిస్ టేపు నా చేతిసంచిలో ఉంది. దానికి మొదటి గజం ఉంది. సున్నా ఉంది. తీసి చూపిస్తే ఒక్క నిమిషం పని. సంచి గొలుసు పట్టుకుని నిలబడ్డాను.

కాగితాల మీద అంకెలు కొట్టేశారు. జవారిస్ బూట్లు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"మళ్ళీ పరిగెడతానండి. ఇప్పుడే. మీరే గీయండి, మీ టేపుతోనే."

"రెండింటికి ఇంకో కాలేజీలో ఉండాలి బాబూ. వంద మైళ్ళు," అన్నాడు నీలం టోపీ కుర్రాడు. "నువ్వు బాగా ఆడతావు. కానీ లేని అంకెని మేము రాయలేం కదా."

కార్లు ఒక్కొక్కటీ కదిలాయి. జవారిస్ గట్టు మీద కూర్చుని కాళ్ళ పట్టీలు విప్పుతున్నాడు. ఆరు నెలలు ఈ ఒక్క రోజు కోసం పరిగెత్తినవాడు. నా వైపు చూడలేదు. చూడడానికి కారణం కూడా అతనికి తెలియదు.

గస్ కారు ఇంకా వెళ్ళలేదు. తలుపు తీసుకుని, ఒడిలో కాగితం పరుచుకుని, వేయించిన చేప తింటున్నాడు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. సంచిలోంచి టేపు తీసి, మొదటి గజం లాగి అతని ముందు పట్టుకున్నాను.

"టేపు బాగానే ఉంది గస్. గీత తక్కువ గీసింది నేను. తెలిసే గీశాను."

అతను నమలడం ఆపాడు.

"అక్కడ అందరి ముందూ తప్పు ఆయన మీదికి పోనిచ్చారు."

"పోనిచ్చాను."

"ఎందుకు గీశారు?"

చెప్పాను. ఫిబ్రవరి, స్టాప్‌వాచ్, నాలుగు యాభై ఎనిమిది.

"ఎలా పట్టుకున్నారు టైము? చేసి చూపించండి."

నేను చెయ్యి ఎత్తి, "పో" అని, బొటనవేలు నొక్కినట్టు చూపించాను. గస్ చేప ముక్క కాగితం మీద పెట్టేశాడు.

"ఈ పరుగులో ఎవరూ 'పో' అనరు వర్లీన్. కుర్రాడు తనకు కుదిరినప్పుడు లేస్తాడు. వాడి చెయ్యి నేల విడిచాకే మనం నొక్కాలి. మీరు అరిచి నొక్కారు. వాడు విని, ఆ తర్వాత లేచాడు. ఆ మధ్యలో పోయింది మీ పదో వంతు. అది మీ వేలిది. వాడి కాళ్ళది కాదు." కాగితం చుట్టి పక్కన పడేశాడు. "వాడికి ఆ గజం అక్కర్లేదు. అసలు నలభైలోనే నాలుగున్నర లోపు వచ్చేవాడు. ఆరుగురు రాసుకునేవారు."

నేను కారు తలుపు పట్టుకున్నాను.

"హోలిస్ ముందు ఈ మాట చెప్పాల్సిన పని లేనందుకు బతికిపోయాను," అన్నాడు. ఓదార్పుగా కాదు. "వెళ్ళి వాడికి మీరే చెప్పండి. వాడికి ఓపికుంటే నేను ఉంటాను. నాది ఒక్క వాచీ. అంతకంటే చేయలేను."

మైదానం దాటి గట్టు దగ్గరకు వెళ్ళడానికి రెండు నిమిషాలు పట్టింది. జవారిస్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. బడిలో ఉన్నప్పుడు కూడా అలాగే లేచేవాడు.

"పర్లేదండి మిస్ వర్లీన్. పాత టేపు. కోచ్‌కి మాత్రం ఏం తెలుస్తుంది."

"టేపు కాదు. నేనే గీతను గజం జరిపాను. నీ టైము చాలదనుకున్నాను. టైము తప్పుగా పట్టుకున్నది కూడా నేనే."

అతను వెంటనే కోప్పడలేదు. ఫిబ్రవరి నాటి సంగతి గుర్తు చేసుకుంటున్నట్టు మొహం పెట్టాడు.

"మీరు పో అన్నాక పరిగెత్తాలేమో అనుకున్నానండి. మీరు చెప్పారు కదా అని. కోచ్ ఎప్పుడూ అలా అనేవాడు కాదు."

"నాకు చెప్పాల్సింది."

"మీకా?" అన్నాడు. మీకు నేను చెప్పడమా అన్నట్టు. తర్వాత అడిగాడు. "ఆ రోజు ఎంతొచ్చిందండి? బాగానే ఉందన్నారు."

"యాభై ఎనిమిది."

తల ఊపాడు. ఒకసారి గీత వైపు చూశాడు.

"పెద్ద కాలేజీలవాళ్ళు నన్ను చూడకుండానే నువ్వు చాలవన్నారు. వాళ్ళ సంగతి నాకు అలవాటే. మీరు కూడా అనుకున్నారన్నమాట."

చేతిలో ఉన్న హోలిస్ టేపును సంచిలో పెట్టేశాను.

గస్ తన కారులోని టేపు తీసుకుని వచ్చాడు. నేను అలవాటుగా సున్నా కొసను పట్టుకున్నాను.

"నేను పట్టుకుంటానండి," అన్నాడు జవారిస్.

మర్యాదగానే అన్నాడు. నా చేతిలోంచి కొస తీసుకుని, మోకాలి మీద కూర్చుని, సున్నా మీద వేలు గట్టిగా ఆనించాడు. గస్ అవతలి కొసకు నడిచాడు. కొత్త గీత గీసేంతసేపూ నేను ఖాళీ చేతులతో పక్కన నిలబడ్డాను. ఓటిస్, తక్కినవాళ్ళు దూరంగా గుంపుగా ఉన్నారు. ఎవరూ జోకులు వేయలేదు.

జవారిస్ కాళ్ళు విదిలించుకున్నాడు. వంగాడు. ఎవరూ ఏమీ అనలేదు. చాలాసేపు అలాగే ఉన్నాడు, తర్వాత లేచాడు. ఈసారి చూడవలసినది చూశాను. చెయ్యి నేల విడిచింది, గస్ బొటనవేలు కదిలింది.

"నాలుగు నలభై ఏడు," అన్నాడు గస్. "అప్పటికే రెండు పరుగులు, గంటన్నర గంతులు అయ్యాక. పొద్దున అయితే ఇంకా తగ్గేది. కానీ పొద్దున నేను చూడలేదు. చూసింది రాస్తాను."

రాశాడు. జవారిస్ అతనికి చెయ్యి కలిపి, బూట్లు తీసుకుని, మైదానం అవతలి దారిన వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, వెళ్ళిపోయిన ఐదుగురు స్కౌట్లకూ ఉత్తరాలు రాశాను. చేత్తోనే రాశాను. టేపులో లోపం లేదనీ, గీత గీసింది నేననీ, ఏ ఏడాదీ హోలిస్ గీత తప్పు కాదనీ, జవారిస్ స్పైట్స్ అసలు నలభై గజాలు నాలుగు నలభై ఏడులో పరిగెత్తగా గస్ రెంబర్ట్ చూశాడనీ. ఒక్కరు జవాబు రాశారు, నీలం టోపీ కుర్రాడు. చెప్పినందుకు కృతజ్ఞతలనీ, తాము స్వయంగా పట్టుకోని టైమును తమ జట్టు పరిగణించదనీ, పోయినేడు తాము ఇక్కణ్ణుంచి తీసుకున్న ఆటగాడి మీద వచ్చిన అనుమానం మాత్రం తీసేశామనీ. ఆ చివరి వాక్యాన్ని చాలాసార్లు చదివాను.

డ్రాఫ్ట్ మూడు రోజులు. మొదటి రెండు రోజులూ మాలాంటి ఊళ్ళకు సంబంధం లేనివి. మూడో రోజు పొద్దుట నుంచి టీవీ ముందు కూర్చున్నాను. జవారిస్ వాళ్ళ అత్త ఇంట్లో అందరూ చేరారని తెలుసు. నన్ను పిలవలేదు. ప్రతి పేరు చదివే ముందు ఒక క్షణం ఆగుతారు. ఆ క్షణాలన్నీ లెక్కపెట్టాను. అతని పేరు రాలేదు.

సాయంత్రం గస్ అతనికి ఫోన్ చేశాడట. డ్రాఫ్ట్‌లో పేరు రానివాళ్ళను కూడా కొందరిని శిక్షణకు పిలుస్తారు. ఒక చోటు ఉంది, వస్తావా అన్నాడట. ఇది నాకు డ్యూక్స్ చెప్పాడు. జవారిస్ వెళ్ళాడు. ఆగస్టు ఆఖరి వారం దాకా ఉంచుకుని పంపేశారు. ఇప్పుడు కెనడాలో ఒక జట్టుకు ఆడుతున్నాడు. ఒక్కరు కాక ఆరుగురు రాసుకుని ఉంటే ఏమయ్యేదో నేను లెక్క కట్టలేను. లెక్కలు తెలిసినదాన్ని కాబట్టే చెబుతున్నాను, దానికి లెక్క లేదు.

క్రిస్మస్‌కు వచ్చినప్పుడు చర్చిలో కనిపించాడు. "బాగున్నారా మిస్ వర్లీన్?" అన్నాడు. "బాగున్నాను," అన్నాను. చలి గురించి రెండు మాటలు చెప్పాడు. లోపలికి వెళ్ళాం.

ఈ మార్చిలో మళ్ళీ స్కౌట్లు వచ్చారు. గీత ఈసారి కొత్త కోచ్ గీశాడు. అయినా నేను వెళ్ళాను. కారులో కూర్చోలేదు. గస్ కారు దిగుతూనే సంచిలోంచి టేపు తీశాడు. నన్ను చూసి కొంచెం ఇబ్బంది పడ్డాడు.

"ఏమనుకోకండి వర్లీన్. కుర్రాళ్ళు ఊరుకోవట్లేదు, కొలవాల్సిందేనంటున్నారు."

"కొలవండి," అన్నాను.

ఒక చివర నీలం టోపీ కుర్రాడు కూర్చున్నాడు, ఇంకో చివర గస్. తక్కినవాళ్ళు కాఫీ తాగకుండా నిలబడి చూశారు. నేనూ గీత పక్కనే నిలబడి, నలభై వచ్చేదాకా చూశాను.